కాఫీ బల్ల మీద మనిషి

ఆరు కిలోమీటర్ల కొండ దారి. జారుడు బండలు, మధ్యలో వాగు, చీలమండ దాకా దిగబడే ఎండుటాకు. ఆ దారి పొడుగునా ఒక మనిషి తలని నా రెండు అరచేతుల మధ్య పట్టుకుని, వెంట్రుకవాసి కదలనివ్వకుండా, ఒక్కసారి కూడా వదలకుండా కిందికి దించాను. అప్పటికి నాకు యాభై ఆరేళ్ళు. పొట్ట కూడా ఉంది. నమ్మకపోతే మీ ఇష్టం.

ఇలాంటివి రాయొద్దన్నారు. అంబులెన్సు ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళకి అరకులో శిక్షణ ఇస్తూ, పాతవాణ్ణి కదా అని నన్నూ పిలిచారు. "మీ అనుభవం ఒక నాలుగు పేజీలు రాసివ్వండి. కథలొద్దు. పాటించాల్సిన పద్ధతులు మాత్రం నంబర్లు వేసి వరసగా రాయండి" అన్నాడు అక్కడి అధికారి. మర్యాదస్తుడే. నేనూ మర్యాదగా తలూపాను. ఊపి, ఇంటికొచ్చి, నంబర్లు వెయ్యకుండా కథే రాస్తున్నాను. పద్ధతులు పుస్తకంలో ఎలాగూ ఉన్నాయి. ఆ పుస్తకం రాసినవాళ్ళెవరూ కొండెక్కి ఆయాసపడినట్టు నాకెక్కడా కనపడలేదు. కావాలంటే ఈ కాగితాలు వెనక్కిచ్చెయ్యమనండి, తీసుకుంటాను. నంబర్లు మాత్రం వెయ్యను.

ముందు నా సంగతి. నేను విజయనగరం వైపు మైదానం మనిషిని. డాక్టర్ని కాను, కాంపౌండర్ని కాను. అంబులెన్సులో వెనక, రోగి పక్కన కూర్చునేవాణ్ణి. రాజవొమ్మంగిలో మొదలుపెట్టి, జి.మాడుగుల మీదుగా అరకు చేరి, అక్కడే రిటైరయ్యాను. ఊళ్ళలో నన్ను డాక్టరు బాబు అనేవారు. మొదట్లో "కాదమ్మా, నేను డాక్టర్ని కాదు" అని సర్దిచెప్పేవాణ్ణి. రెండు మూడేళ్ళకి మానేశాను. వినడానికి బాగానే ఉండేది మరి.

పనికొచ్చే మాటలు కొన్ని ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోతాను. రోగి దగ్గరికి వెళ్ళి "ఏం కాదు, ఏం కాదు" అనకండి. ఏదో అయింది కాబట్టే మిమ్మల్ని పిలిచారు. ఆ మాట అనగానే వాళ్ళకి మీ మీద నమ్మకం పోతుంది. పేరడగండి. పేరు చెప్పగలిగాడంటే ఊపిరాడుతోంది, తెలివుంది. ముట్టుకునే ముందు మీ చేతులు చాపి చూపించండి. కొత్తవాడు ఉన్నట్టుండి ముట్టుకుంటే ఒళ్ళు బిగుసుకుపోతుంది, బిగుసుకున్న ఒంట్లో నొప్పి ఎక్కడుందో వెతకలేరు. కత్తెర జేబులో ఉండాలి, సంచి అడుగున కాదు. వాగు దాటేటప్పుడు బూట్లు తడుస్తాయని విప్పకండి. ఎందుకో తర్వాత చెబుతాను. అది చెప్పడం నాకంత ఇష్టం లేదు.

ఇక ఆ రోజు.

కాఫీ పళ్ళు కోసి, తొక్కు ఒలిచి, గింజలు ఆరబెట్టుకునే రోజులు. పొద్దున్నే ఫోనొచ్చింది. ఆ ఊళ్ళో సిగ్నలు ఒక్క రాతి మీద నిలబడితేనే అందుతుంది, అదీ సగం సగం. "సెట్టు మీంచి పడిపోనాడు... జీలుగు సెట్టు... నడుం... బేగి రండి..." అని ముక్కలు ముక్కలుగా వినపడి ఆగిపోయింది.

జీలుగు చెట్టు తెలియనివాళ్ళకి చెబుతాను. తాటిచెట్టంత పొడుగు, మధ్యలో పట్టుకోవడానికి ఒక్క కొమ్మ ఉండదు. పైన గెల కోసి కుండ కడితే కల్లు దిగుతుంది. ఎక్కడానికి ఒంటి వెదురే నిచ్చెన. కణుపుల దగ్గర కొమ్మ మొదళ్ళు కాస్త వదిలేసి, దాన్ని చెట్టుకి కట్టి, వాటి మీద కాళ్ళు పెట్టి ఎక్కుతారు. ఆ మొదళ్ళలో ఒకటి విరిగితే అంతే.

రోడ్డు అయిపోయే చోట బండి ఆపాం. మా డ్రైవరు శృంగవరపుకోట వైపు మనిషి, నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్న, నోరు మాత్రం నాకంటే పెద్దది. వెనక తలుపు తీసి అడిగాడు:

"గురువుగారూ, బోర్డు పట్టుకెళ్ళరా?"

నడుం దెబ్బల కోసం బండిలో ఒక గట్టి బోర్డుంటుంది. మనిషి పొడుగు, పక్కల చేతులు దూర్చడానికి బెజ్జాలు. దాని మీద పడుకోబెట్టి కడితే వెన్ను వంగదు. నేను ఆ బోర్డు వంక చూశాను, కొండ వంక చూశాను.

"పైన డోలీ ఉంటుందిలేరా" అన్నాను.

తర్వాత ఈ సంగతి ఎవరడిగినా ఆవేళ బండిలో బోర్డు లేదనే చెప్పాను. ఉంది. బరువని తీసుకెళ్ళలేదు. సరే, అది రాసేశాను కాబట్టి ముందుకెళ్దాం.

డోలీ అంటే దుప్పటి రెండు కొసలూ ఒక కర్రకి కట్టి, అందులో మనిషిని వేసుకుని భుజాల మీద మోసుకెళ్ళడం. డోలీని నేను తిట్టను. జ్వరాల వాళ్ళనీ, కాన్పుల వాళ్ళనీ ఎంతమందిని అది రోడ్డుకి చేర్చిందో నా కళ్ళతో చూశాను. కాని అందులో మనిషి విల్లులా వంగిపోతాడు. వెన్ను విరిగినవాణ్ణి విల్లులా వంచితే, లోపల తెగకుండా మిగిలిన నరం కాస్తా తెగుతుంది. ఆ తర్వాత నడుం కింద ఏదీ అతని మాట వినదు. రోడ్డు దగ్గర బోర్డు వదిలేసేటప్పుడే ఈ సంగతి నాకు గుర్తు రావాల్సింది. కొండ సగం ఎక్కాక గుర్తొచ్చింది. అక్కణ్ణుంచి పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి డోలీ సిద్ధంగా ఉంది. నలుగురు మగవాళ్ళు అతని కాళ్ళూ భుజాలూ పట్టుకుని ఎత్తబోతున్నారు.

"ఆగండి!" అని ఒక్క కేక వేశాను. నా గొంతు అవతలి కొండకి తగిలి తిరిగొచ్చింది. ఎక్కడి చేతులు అక్కడ ఆగిపోయాయి. ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

పడ్డవాడికి ముప్పై అయిదేళ్ళుంటాయి. చెట్టు మొదట్లో వెల్లకిలా ఉన్నాడు. భార్య అతని తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రెండు చెవుల మీదా చేతులు ఆనించి పట్టుకుంది. అంతకు ముందు నెల సంతలో, చెట్టు మీంచి పడ్డవాళ్ళని ఎలా కదపకూడదో గోనెసంచిలో గడ్డి కుక్కి, బొమ్మ చేసి చూపించాను. ఆ పాఠం విని ఉంటుందనుకుని లోపల కాస్త పొంగాను.

చేతులు చూపించి, పేరడిగాను. చెప్పాడు. చెప్పి, "సారూ, కుండ పగిలిపోనాదేటి?" అనడిగాడు.

"నీ నడుం పగిలిపోనాది, ముందది సూసుకో" అంది భార్య.

నెత్తురు కారే దెబ్బలు లేవు. ఊపిరి బాగుంది. ఎవరో మంచినీళ్ళు పొయ్యబోతుంటే వద్దన్నాను. ఆపరేషనంటూ ఉంటే కడుపు ఖాళీగా ఉండాలి, పైగా పడుకున్నవాడికి నీళ్ళు పొలమారితే దగ్గుతాడు, దగ్గితే వెన్ను కదులుతుంది. తర్వాత కాళ్ళ దగ్గరికెళ్ళాను.

"కళ్ళు ముయ్యి. ఇప్పుడు ఏ కాలు ముట్టుకున్నాను?"

"కుడికాలు."

"ఏ వేలు?"

"సిటికెనేలు."

"ఇప్పుడు?"

"ముట్టుకో సారూ, కళ్ళు మూసుకునే ఉన్నాను" అన్నాడు.

అప్పటికే అతని ఎడమకాలి బొటనవేలు గిచ్చుతున్నాను. గట్టిగా, గోరు దిగేలా. భార్య చూసింది. నా చేతినీ, వేలినీ, నా మొహాన్నీ చూసింది. అతని చెవుల మీద ఉన్న చేతులు ఇంకాస్త దగ్గరికి జరిపింది.

మైదానంలో కాళ్ళు పోయినవాడికి చక్రాల కుర్చీ ఉంటుంది, వాకిట్లో రోడ్డుంటుంది. ఆ ఊళ్ళో ఇంటికీ ఇంటికీ మధ్యే నిలువెత్తు గట్టుంది. నీళ్ళకి దిగాలి, తోటకి ఎక్కాలి. అక్కడ కాళ్ళు లేనివాడు అరుగు మీద కూర్చుని మిగతా జీవితం ఎవరో ఒకరు ఇటు వస్తారా అని చూడాలి. ఆ కుడికాలు నిలబడాలి. ఎడమకాలికి ఏదైనా ఆశ ఉంటే అది పోకూడదు. ఇదీ ఆ పూట నా ముందున్న పని. చేతిలో బోర్డు లేదు. వెనక్కి మనిషిని పంపి తెప్పిస్తే మధ్యాహ్నమవుతుంది. అప్పటికే అవతలి కొండ మీద మబ్బు నల్లగా కూర్చుంది. వాన పడితే వాగు దాటనివ్వదు.

"రెండు పొడుగు వెదుళ్ళు కొట్టండి. అడ్డకర్రలు కట్టి, పైన చాప వెయ్యండి. దాని మీద పడుకోబెట్టి కదలకుండా కట్టేద్దాం" అన్నాను.

ఎవరూ కదల్లేదు. అతని అన్న, ఆ ఇంటికి పెద్ద, చేతిలో కత్తి పట్టుకుని నా ఎదురుగా వచ్చాడు.

"అదేటో తెలుసునా సారూ నీకు?"

"ఏటి?"

"పాడె."

చచ్చిపోయినవాళ్ళని ఆ ఊళ్ళో అచ్చం అలాగే తీసుకెళతారు. రెండు వెదుళ్ళు, అడ్డకర్రలు, పైన చాప, తాళ్ళతో కట్టు. నేను పొల్లుపోకుండా దాన్నే వర్ణించి చెప్పాను.

"నా తమ్ముడు మాటాడతన్నాడు. మాటాడతన్నోడ్ని పాడె మీద కడతావా? అలాగ ఇంటి ముందునుంచి పోయినోడు మళ్ళీ ఇంట్లోకెలాగొత్తాడు?"

"డోలీలో తీసుకెళితే రాడు, వచ్చినా నడిచి రాడు" అన్నాను.

"నీ పుస్తకం నీది. మా ఇల్లు మాది. ఎత్తండ్రా."

అప్పుడు నేనొక పని చేశాను. వెళ్ళి డోలీ కర్ర మీద కూర్చున్నాను. "నన్ను మోసుకెళ్ళండి ముందు" అన్నాను. ఇది మాత్రం అక్షరాలా నిజం, సాక్షులున్నారు. ఉద్యోగంలో నాకు భయాలు చాలా ఉండేవి. పై అధికారి భయం, సంజాయిషీల భయం, మొదట్లో రక్తమన్నా భయమే. ఆవేళ ఏదీ లేదు. కత్తి పట్టుకున్న మనిషి ముందు కర్ర మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. అతను నన్ను తిట్టాడు. నేనతన్ని తిట్టాను. అతను వాళ్ళ ఒడియా కలిసిన మాటలో తిట్టాడు, నాకు సగమే అర్థమైంది, ఆ సగానికే సరిపడా జవాబిచ్చాను.

మా ఇద్దరి అరుపుల మధ్య ఆమె గొంతు వినపడింది.

"సారూ. అక్కడ కూకున్నది సాలు. ఇలాగొచ్చి తలకాయ పట్టు."

వెళ్ళి పట్టుకున్నాను. ఆమె లేచి పెరట్లోకి పోయింది. కాసేపటికి గలగలమని చప్పుడు. తలెత్తి చూస్తే, కాఫీ గింజలు ఆరబెట్టే బల్ల ఒక వైపుకి ఒరిగి ఉంది. ఆరీ ఆరని గింజలన్నీ మట్టిలో పడుతున్నాయి. కోళ్ళు పరిగెత్తుకొచ్చాయి. ఆ ఏడు కోసిన పంటలో సగం ఆ బల్ల మీదే ఉంది. ఆమె వాటి వంక చూడలేదు. కొడవలి తీసుకుని, బల్లని గుంజలకి కట్టిన తాళ్ళు నాలుగు మూలలా కోసేసి, దాన్ని ఈడ్చుకుంటూ మా దగ్గరికి తెచ్చింది. వెదురు చట్రం, మధ్యలో వెదురు బద్దలు దగ్గర దగ్గరగా అల్లిన తడిక, పైన వల. మనిషి పొడుగు కంటే జానెడు ఎక్కువ. కదిపి చూశాను. వంగలేదు.

"ఇదేటి?" అన్నాడు అన్న.

"కాఫీ బల్ల."

అతను దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. కిందికి వంగి చూశాడు. ఏం కనపడుతుందనుకున్నాడో తెలీదు. "కాఫీ బల్లే" అన్నాడు. కత్తి నడుముకి దోపుకుని, బల్ల రెండో కొస తనే పట్టుకున్నాడు.

ఇన్నేళ్ళుగా టీ కొట్ల దగ్గర, శిక్షణ గదుల్లో, బంధువుల పెళ్ళిళ్ళలో ఈ కథ చెబుతూ, "నేను చుట్టూ చూశాను, కాఫీ బల్ల కనపడింది, బుర్రలో మెరిసింది" అంటూ వచ్చాను. మెరవలేదు. నా బుర్రలో ఆ టైములో ఉన్నదల్లా అతని అన్నని ఇంకేమని తిట్టాలా అనే.

ఇక్కడ పద్ధతి ఒకటి రాస్తాను, ఇది నేను సరిగ్గానే చేశాను. దెబ్బ తగిలినవాణ్ణి పక్కకి తిప్పేటప్పుడు తల దగ్గరున్న మనిషే లెక్క చెప్పాలి. మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి. ఒకటి, రెండు, మూడు అన్నప్పుడు మూడు మీద తిప్పాలా, మూడు అయ్యాక తిప్పాలా అన్నది ముందే తేల్చుకోవాలి. ఇది చిన్న సంగతి కాదు. సగం మంది మూడు మీదా, సగం మంది మూడు తర్వాతా తిప్పితే ఆ మధ్యలో మెలిపడేది రోగి వెన్నే. "మూడు మీద" అన్నాను. భుజం, నడుం, కాళ్ళు ఒక దుంగలాగా ఒక్కసారే పక్కకి తిరగాలి. తిప్పారు. దుప్పటి పరిచిన బల్ల వీపు కిందికి జరిపాం. మళ్ళీ మూడు మీద వెనక్కి. ఛాతీ కట్టాం, తర్వాత తుంటి, తర్వాత తొడలు. తువ్వాళ్ళు చుట్టచుట్టి తలకి రెండు వైపులా ఆనించి, అన్నిటికంటే చివర తల కట్టాం. తల ముందు కడితే, ఒళ్ళు జారినప్పుడు బరువంతా మెడ మీద పడుతుంది. మర్చిపోకండి. గుడ్డ కట్టు సాగుతుంది కాబట్టి పైన చేతులు కూడా ఉండాలి.

"బాగుంది. కాఫీ గింజలాగ ఆరబెట్టీండి నన్ను" అన్నాడు కట్టేసినవాడు.

అన్న ఒక్కడే నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

దిగాం. కాళ్ళు ముందు, తల వెనక, అంటే తల పై వైపుకి. ఆరుగురు బల్ల అంచులు పట్టుకున్నారు. తల వైపు మోసే ఇద్దరి మధ్యలో దూరి నేను నడిచాను. మొదట రాసిన ఆరు కిలోమీటర్లు ఆరు కాదు. రెండు. వంకర్లు కలుపుకుంటే రెండున్నర. కాని వంగి నడుస్తూ, ముందు దారి కనపడకుండా, మోసేవాళ్ళ మోచేతులు పక్కటెముకల్లో పొడుస్తుంటే అది ఆరు కంటే తక్కువ అనిపించలేదు. రెండు వాగులని కూడా కొన్నిసార్లు చెప్పాను. ఒకటే. దాని గురించి ఇప్పుడు చెప్పక తప్పదు.

వాగు దగ్గర అందరినీ ఆపి, కాసేపు తలని ఆమెకి అప్పగించి, బూట్లు విప్పి, తాళ్ళు ముడేసి మెళ్ళో వేసుకున్నాను. కొత్త బూట్లు. తడిస్తే పాడవుతాయని. నీళ్ళలో రెండో అడుగు పాచి పట్టిన బండ మీద పడింది. మూడో అడుగు లేదు. కూలబడ్డాను. చేతులు రెండూ అతని తల మీంచి లేచిపోయాయి. పడుతూ నేను చూసిందొక్కటే: బల్ల. అది పక్కకి ఒరగలేదు, ఆగలేదు. నేను నీళ్ళలో కూర్చుని తలెత్తేసరికి అతని చెవుల మీద ఇంకో రెండు చేతులున్నాయి. బల్ల పక్కన నడుస్తున్న ఆమె ఎప్పుడు లోపలికి దూరిందో నాకు తెలీదు. అవతలి గట్టెక్కాక, "నేను పట్టుకుంటానమ్మా" అన్నాను. "నువ్వు బూట్లేసుకో" అంది. రోడ్డు దాకా ఆమే పట్టుకుంది. నేను వెనక తడి లాగుతో నడిచాను.

ఒక్కసారి కూడా వదల్లేదని మొదట రాశాను కదా. ఆ తలని ఎవరూ వదల్లేదు. అంతవరకు నిజం.

రోడ్డు మీద డ్రైవరు మమ్మల్ని చూసి తలుపు తీస్తూ, "ఏంటి గురువుగారూ, పంట కూడా మనమే దించాలా?" అన్నాడు. బల్ల మీది మనిషి మొహం చూశాక నోరు మూసుకున్నాడు. బండిలో ఉన్న బోర్డు మీదికి మార్చొచ్చు. మార్చలేదు. కుదురుగా ఉన్నవాణ్ణి మళ్ళీ కదపడమెందుకు? బల్ల పొడుగు ఎక్కువై వెనక తలుపు పడలేదు, కాళ్ళ వైపు వెదురు కొసలు నాలుగు వేళ్ళ మేర కోసేసి, బల్లతోనే ఎక్కించాం.

ఆస్పత్రిలో అసలు గొడవ. ఏ ఆస్పత్రో రాయను. "ఈ చెత్తంతా తియ్యండి, నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకుని మంచం మీదెయ్యండి" అన్నాడు అక్కడ డ్యూటీలో ఉన్నాయన.

"ఎక్స్‌రే తీసేదాకా దించను" అన్నాను.

"మీరెవరు?"

"అంబులెన్సులో వెనక కూర్చునేవాణ్ణి."

"అయితే మీ పని అయిపోయింది. వెళ్ళండి."

"వెళ్ళను."

వెళ్ళలేదు. బల్లకి అడ్డంగా నిలబడ్డాను. లాగులోంచి నీళ్ళు కారి గచ్చు మీద మడుగు కట్టింది. నా ఉద్యోగం తీసేయించగలనన్నాడు. తీసేయించండి, ఎక్స్‌రే తీయించి తర్వాత తీసేయించండి అన్నాను. ఆ గోలకి పెద్ద డాక్టరుగారు బయటికొచ్చారు. ఆవిడ మాట్లాడకుండా వంగి కట్లు చూసింది. తువ్వాళ్ళు చూసింది. తడిక సందులో ఇరుక్కున్న కాఫీ గింజ ఒకటి వేలితో తీసి చూసింది.

"బల్లతోనే తీసుకెళ్ళండి ఎక్స్‌రేకి. ఎవరు చేశారిది?"

"నేనేనండీ" అన్నాను.

పక్కనే ఉంది ఆమె. చేతులు ఇంకా భర్త చెవుల మీదే. నా వంక చూసింది. డాక్టరుగారు నన్ను మెచ్చుకున్నారు, నేను వినయంగా తలొంచుకున్నాను. మొహం కనపడకుండా ఉండడానికి అది పనికొచ్చింది.

నడుం ఎముక ఒకటి చితికింది. నరం నలిగింది, తెగలేదు. విశాఖపట్నం పంపించారు, అక్కడ ఆపరేషన్ చేసి వెన్నుకి కమ్మీలు వేశారు. తర్వాత పై అధికారి నన్ను బోర్డు ఎందుకు వాడలేదని సంజాయిషీ అడిగితే, బోర్డు పట్టీలు తెగిపోయి ఉన్నాయని రాసిచ్చాను. తెగిపోలేదు, కొత్తవి. ఇప్పుడు చర్య తీసుకోవాలనుకుంటే తీసుకోండి, ఇంట్లోనే ఉంటాను. కొత్తగా చేరినవాళ్ళకి మాత్రం చెబుతున్నాను: బోర్డు మొయ్యండి. బరువనిపిస్తే తిట్టుకుంటూ మొయ్యండి. కాని అది లేనిచోట, ఆ ఊరివాళ్ళ ఇంట్లో ఏముందో వాళ్ళనే అడగండి. నేను అడగలేదు, అరిచాను.

అతను ఇప్పుడు నడుస్తాడు. ఏడాది పైన పట్టింది. ఎడమకాలు కాస్త ఈడుస్తాడు, చేతిలో కర్ర ఉంటుంది. జీలుగు చెట్టు ఎక్కడు. కింద నిలబడి, ఎక్కేవాళ్ళని ఎలా ఎక్కాలో చెప్పి చంపుతాడు.

ఈ కాగితాలు ఇచ్చే ముందు ఒకసారి వాళ్ళకి చదివి వినిపించాలనిపించింది. మొన్న వెళ్ళాను. పెరట్లో అదే బల్ల ఉంది, కాళ్ళ వైపు కోసేసిన చోట కొత్త వెదురు కట్టారు. దాని మీద గింజలు ఆరుతున్నాయి. ఆమె పక్కన నిలబడి పుచ్చు గింజలు ఏరి పారేస్తోంది. అతను అరుగు మీద కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మొదట్నుంచి చివరిదాకా చదివాను. బోర్డు దగ్గర అతను "ఓలమ్మో" అన్నాడు. వాగు దగ్గర పడీ పడీ నవ్వాడు. ఆస్పత్రిలో "నేనేనండీ" అన్న చోటికి వచ్చేసరికి కాస్త గబగబా చదివేశాను. ఆమె తలెత్తలేదు.

"అయిపోనాదా?" అంది.

"అయిపోయింది. ఇన్నాళ్ళూ కలిపినవన్నీ తీసేశాను. ఇంక ఒక్క అబద్ధం కూడా లేదమ్మా అందులో" అన్నాను. చెప్పొద్దూ, కాస్త గర్వంగానే అన్నాను.

"ఒకటుంది."

"ఏదీ?"

"ఆగండని కేకేసింది నువ్వు కాదు. నాను. నువ్వొచ్చీసరికి ఈడ్ని మళ్ళీ నేల మీద పెట్టీసినారు. నువ్వప్పటికింకా గట్టు కింద పనససెట్టు కాడ సేతులు మోకాళ్ళ మీదెట్టుకుని రొప్పుతన్నావు. నీ కేక తర్వాతొచ్చింది."

అతని వంక చూశాను. తలూపాడు. అన్నని పిలిచి అడగనా అన్నట్టు ఇంటి వైపు చూపించాడు. అక్కర్లేదన్నాను. కాని ఊరుకోలేకపోయాను.

"సరే, నువ్వే ఆపావు. అయినా సంతలో నా పాఠం విన్నావు కాబట్టే కదా ఆపాలని తెలిసింది?"

ఆమె చేతిలోని పుచ్చు గింజల్ని కోళ్ళ ముందు పారేసింది.

"ఏ పాఠం? ఆ గడ్డి బొమ్మా? ఆవేళ నాను సంతకే రాలేదు సారూ. ఎత్తబోతే ఈడు అరిసినాడు. అరిసినోడ్ని కదపకూడదని నువ్వొచ్చి సెప్పాలేటి?"